కరుణమ్మ గారితో ఎక్కిన విమానం

ఈ ఉదయం తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతుంటే కిటికీలోంచి పెద్ద మోత వినిపించింది. స్కూలు వెనక వరి పొలంలో డ్రోనుతో మందు కొడుతున్నారు. పిల్లలందరూ ఒక్కసారిగా లేచి కిటికీల దగ్గరికి పోయారు. గాలి మా వైపు తిరిగి పురుగుమందు ఘాటు గదిలోకి వచ్చింది, ముక్కు మండింది. కూర్చోమని కసరాల్సినదాన్ని, చాక్‌పీసు పట్టుకుని నేనూ వాళ్ల వెనకే నిలబడిపోయాను. ఆ మోత వింటుంటే గుండెల్లో మరో ఇంజను అదిరింది. కరుణమ్మ గారు గుర్తొచ్చారు.

తిరువూరులో ఆవిడ గురించి తెలియని వాళ్లు కూడా ఆవిడ గురించి ఒక మాట చెబుతారు. ఫలానా విజయను చెడగొట్టింది ఆ హెడ్మిస్ట్రెస్సేనని. సంసారంలో ఉండాల్సిన పిల్లను విమానాలెక్కించి, అత్తింటి నుంచి విడదీసి, మతం కూడా మార్చేసిందని. ఆ విజయను నేనే. నా దేవుడి గూట్లో దీపం ఇప్పటికీ వెలుగుతోంది, ఆవిడ నన్ను ఒక్క ఆదివారం కూడా చర్చికి రమ్మనలేదు. ఇక విడదీయడం మాటకొస్తే, నా జీవితంలో అతి ముఖ్యమైన రోజున ఆవిడ నాకు ఏమీ చెప్పలేదు. ఒక్క ముక్క కూడా చెప్పలేదు. ఆవిడను చూడని వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. చూసి కూడా ఆ మాట అనేవాళ్లు చదివినా నాకు అభ్యంతరం లేదు.

నేను పుట్టింది వినగడపలో, భూములున్న ఇంట్లో. మెట్టింది తిరువూరులో, అలాంటి ఇంట్లోనే. మా ఆయన గంపలగూడెం రోడ్డు మీద బైకు ప్రమాదంలో పోయేనాటికి మా అమ్మాయి హారిక ఇంకా బడికి వెళ్లడం లేదు. ఆ తర్వాత ఇంట్లో అందరూ నన్ను బాగానే చూశారు. అది అబద్ధం చెప్పను. కానీ బజారుకు వెళ్లాలన్నా, పుట్టింటికి వెళ్లాలన్నా, జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాలన్నా మా బావగారిని అడగాలి. ఆయన మా ఆయనకు అన్న. కాదనేవారు కాదు చాలాసార్లు. కాసేపు ఆలోచించి సరేననేవారు. ఆ ఆలోచించే కాసేపూ నేను గుమ్మం దగ్గర నిలబడి ఉండాలి.

కరుణమ్మ గారు మా ఇంటికి మొదటిసారి వచ్చింది అలాంటి రోజుల్లోనే. స్కూటరు మీద వచ్చారు. పొడగరి, లావుపాటి మనిషి, తెల్లటి నూలు చీర, మెడలో ఏమీ లేదు. పెళ్లి చేసుకోలేదు. ఆడవాళ్లంతా కూర్చునే వెనక వసారాలోకి పోకుండా, ముందు వరండాలో మా బావగారి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మా వీధిలో వాళ్లకు ఆ కుర్చీ లాక్కోవడమే చాలాకాలం కథగా మిగిలింది.

"మీ మరదలు బీఎస్సీ మ్యాథ్స్ అని విన్నానండి. మా స్కూల్లో లెక్కల టీచరు వెళ్లిపోయింది" అన్నారు.

"ఆలోచించి చెబుతామండి" అన్నారు బావగారు.

"మీరు ఆలోచించుకోండి. సోమవారం నుంచి ఆమె రావచ్చు" అని కాఫీ తాగి వెళ్లిపోయారు.

ఆ ధీమా ముందు బావగారి ఆలోచన నిలవలేదు. సోమవారం నేను వెళ్లాను.

ఆవిడ దేవత కాదు. చాలా కటువైన మనిషి. టైంటేబుల్లో తప్పు ఆవిడదే అయినా ఒప్పుకునేవారు కాదు. మా సైన్సు టీచరును పిల్లల ముందే ఒక మాట అని ఏడిపించిన రోజు నాకు ఆవిడంటే అసహ్యం వేసింది కూడా. పేద పిల్లలు ఆలస్యంగా వస్తే ఏమీ అనేవారు కాదు గానీ, కారులో దిగే పిల్లలు ఒక్క నిమిషం ఆలస్యమైనా గేటు వేసేసేవారు. ఇదేం న్యాయమని అడిగితే, "కారుకు త్వరగా బయల్దేరడం వచ్చు" అనేవారు.

హారిక మూడో తరగతిలో ఉండగా వేసవి సెలవుల్లో టీచర్లమంతా వ్యాను మాట్లాడుకుని బెంగళూరు, మైసూరు, ఊటీ టూరు వేశాం. హారికను అత్తగారి దగ్గర వదిలి వెళ్లడానికి బావగారు ఒప్పుకున్నారు. ఒప్పుకుని, నా బాధ్యతను మా తెలుగు మాస్టారు శేషయ్య గారికి అప్పగించారు. శేషయ్య మాస్టారు మంచివారు, పెద్దవారు, బావగారికి బాగా తెలిసినవారు. దారి పొడవునా నేను తిన్నానా లేదా, కిటికీ పక్కన కూర్చుంటే గాలి తగులుతుందా అని చూస్తూనే ఉన్నారు. ఫోనులో రోజూ బావగారికి వివరం చెప్పేవారు.

మైసూరు దాటి కొంత దూరం వెళ్లాక వ్యాను క్లచ్ పోయింది. డ్రైవరు మెకానిక్కును తీసుకురావడానికి ఆటోలో వెళ్లాడు. మేం ఆగిన చోట రోడ్డు పక్కన ఇనుప కంచె, లోపల పెద్ద గడ్డి మైదానం, రేకుల షెడ్డు, దాని ముందు రెండు చిన్న విమానాలు ఉన్నాయి. విమానం నడపడం నేర్పే చోటట అది. మేం ఎండలో నిలబడి ఉండడం చూసి లోపలి నుంచి ఒక పెద్దాయన వచ్చారు. నెరిసిన మీసం, ఖాకీ నిక్కరు. అక్కడివాళ్లు ఆయన్ను కెప్టెన్ అంటున్నారు. హైదరాబాదులో కొన్నేళ్లు పనిచేశారట, వచ్చీరాని తెలుగులో లోపలికొచ్చి నీడన కూర్చోమన్నారు. మంచినీళ్లు ఇప్పించారు. కాసేపయ్యాక, మైసూరు నుంచి విమానంలో తిరిగి చూడ్డానికి రావాల్సిన వాళ్లెవరో రాలేదని, తనకు ఎలాగూ ఒకసారి పైకి వెళ్లిరావాల్సిన పని ఉందని, ఎవరైనా వస్తారా అని అడిగారు.

ఆయన మాట పూర్తికాకముందే కరుణమ్మ గారు లేచారు. "నేనొస్తాను."

"మేడమ్, వయసు చూసుకోండి" అన్నారు శేషయ్య మాస్టారు.

"చూసుకున్నాను మాస్టారూ. అందుకే తొందర."

అందరూ నవ్వారు. ఇంకెవరూ లేవలేదు. ఆ విమానం దగ్గరికెళ్లి చూస్తే నాకూ లేవాలనిపించేది కాదేమో. తర్వాత దగ్గరగా చూశాను, రెక్క మీద రంగు పెచ్చులూడి ఉంది, తలుపు రేకు డబ్బా మూత కన్నా గట్టిగా ఏమీ లేదు. ఆవిడ నా వైపు తిరిగారు. "విజయా, నువ్వొస్తావా?"

నాలో ఏదో ఒక్కసారి పైకి లేచింది. వస్తానని నోటి చివరిదాకా వచ్చింది. బయటికి మాత్రం, "బావగారిని ఒకమాట అడగాలండి" అని వచ్చింది.

ఆవిడ తలూపి వెళ్లిపోయారు. అంత చిన్న విమానంలో ఎవరి బరువెంతో చూసి కూర్చోబెట్టాలట, షెడ్డు గుమ్మంలో పెద్ద కాటా ఉంది. ఆవిడ చెప్పులు విప్పి దాని మీద నిలబడ్డారు. ఇంతలో శేషయ్య మాస్టారు బావగారికి ఫోను చేయడం, విషయం చెప్పడం, ఫోను నా చేతికివ్వడం అన్నీ అయిపోయాయి.

"ఏంటమ్మా, విమానమంటున్నాడు శేషయ్య?"

"చిన్నదండి. కాసేపు తిప్పి దింపేస్తారట."

"నీకేమన్నా అయితే పిల్లనెవరు చూస్తారు? తండ్రి లేని పిల్ల. ఆవిడంటే ఒంటరి మనిషి, వెనకా ముందూ ఎవరూ లేరు. నీకు అలా కాదుగా. వద్దు. వ్యాను దగ్గరే కూర్చో."

ఆయన అన్న మాటలో అబద్ధం లేదు. పిల్లనెవరు చూస్తారన్నది నేను రోజూ రోడ్డు దాటేటప్పుడు అనుకునే మాటే.  ఫోను చెవి దగ్గర పెట్టుకునే కరుణమ్మ గారి వైపు చూశాను. కళ్లతోనే బతిమాలాను. మీరొచ్చి ఒక్కమాట చెప్పండి, మీరు చెబితే కాదనరు, సోమవారం వస్తుందని చెప్పినట్టు చెప్పండి అని. ఆవిడకు అర్థమైంది. అర్థమైందని నాకు కూడా తెలిసింది. నా కళ్లలోకి చూస్తూ, లేదన్నట్టు తల అడ్డంగా ఊపి, విమానం వైపు నడిచి వెళ్లిపోయారు.

అప్పుడు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ గుర్తుంది. బావగారి మీద కాదు, ఆవిడ మీద. ఇంత దూరం తీసుకొచ్చి నడిమధ్యలో వదిలేస్తుందా అని. ఆ కోపంలోనే నోరు తెరుచుకుంది. మా ఆయన ఆ ప్రమాదం రోజున ఎరువుల కోసం బయల్దేరుతుంటే ఎవరూ వద్దనలేదు, పిల్లనెవరు చూస్తారని ఎవరూ అడగలేదు, ఆయనా ఎవర్నీ అడగలేదు. అదంతా బావగారితో అనలేదు. అన్నది ఇంతే.

"బావగారూ, నేను ఎక్కుతున్నానండి. దిగాక ఫోన్ చేస్తాను."

అవతల ఏమన్నారో వినకుండా ఫోను పెట్టేశాను. దాన్ని శేషయ్య మాస్టారి చేతిలో పెట్టి, కాటా వైపు నడిచాను. కాళ్లు వణుకుతున్నాయి. కాళ్ల సంగతి వేరు, నడక సంగతి వేరు అని ఆ రోజే తెలిసింది.

బరువు చూసి కరుణమ్మ గారిని ముందు కెప్టెన్ పక్కన, నన్ను వెనక కూర్చోబెట్టారు. చెవులకు పెద్ద పెద్ద డిప్పల్లాంటివి తగిలించారు. ఇంజను మొదలవగానే సీటు, కిటికీ, నా పళ్లు అన్నీ ఒక్కటిగా అదిరాయి. గడ్డిలో గతుకుల మీద పరిగెత్తి పరిగెత్తి, ఇక ఎగరదేమో అనుకున్న క్షణంలో గతుకులు ఆగిపోయాయి. అంతే. కింద కొబ్బరి తోటలు, ఎర్ర పెంకుల ఇళ్లు, ఒక చెరువు ఎండకు తళుక్కుమనడం. విమానం గాలిలో ఒక్కసారి కిందికి జారింది. నేను గట్టిగా అరిచాను. మా ఆయన పోయిన రోజు తర్వాత నా గొంతు అంత పెద్దగా నేనే వినలేదు. ఆ అరుపు మధ్యలో ఎక్కడో నవ్వుగా మారింది.

కెప్టెన్ మలుపు తిప్పినప్పుడు రోడ్డు కనిపించింది. మా వ్యాను అగ్గిపెట్టెలా ఉంది. దాని పక్కన తెల్ల చొక్కాలో శేషయ్య మాస్టారు, తల పైకెత్తి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నారు. పాపం ఆయన కంగారు ఆయనది. కానీ అక్కడి నుంచి చూస్తే ఆయన చాలా చిన్నగా ఉన్నారు. ఆయన చేతిలో ఉన్న ఫోను అసలు కనిపించలేదు.

అప్పుడే రెండు సీట్ల మధ్య నుంచి ఒక చెయ్యి వెనక్కి వచ్చి తడుముకుంది. కరుణమ్మ గారి చెయ్యి. పట్టుకున్నాను. మంచులా ఉంది. ముందుకు వంగి చూస్తే ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుని, పెదవులు కదిలిస్తూ ప్రార్థన చేసుకుంటున్నారు. కిందకు దిగేదాకా ఆ కళ్లు తెరవలేదు. ఆ కొబ్బరి తోటలు, చెరువు, ఏవీ ఆవిడ చూడలేదు.

దిగాక గడ్డి మీద కూలబడిపోయారు. కెప్టెన్ నీళ్లు తెచ్చిచ్చి దూరంగా వెళ్లారు.

"మీకు భయమాండీ?" అన్నాను.

"ఎక్కకముందు నుంచీ."

"మరెందుకు ఎక్కారు?"

 మొహం కడుక్కుని, చీర చెంగుతో తుడుచుకుని అప్పుడు చెప్పారు. ఆవిడ చిన్నప్పుడు వినగడప పక్కనే ఉన్న పల్లెలో ఉండేవారట. అమ్మానాన్నలిద్దరూ కూలికి వెళ్లేవాళ్లు. ఒక ఏడాది పొలాలకు పురుగు పడితే మందు చల్లడానికి చిన్న విమానం వచ్చింది. పొలాల మధ్య చదును చేసిన చోట దిగేది. అది ఎక్కడ తిరగాలో పైనుంచి తెలియడానికి మనుషులు చేలో జెండాలు పట్టుకుని నిలబడాలి. వాళ్ల నాన్న ఆ జెండా పట్టుకున్నాడు. విమానం పోయిన ప్రతిసారీ ఆయన మీద మందు వానలా కురిసేది. పని అయిపోయిన రోజున విమానం నడిపేవాడు రైతుల పిల్లల్ని ఒక్కొక్కర్నీ ఎక్కించి లోపల కూర్చోబెట్టి దింపాడట. ఈవిడా వరసలో నిలబడింది. తన వంతు వచ్చేసరికి ఎవరో చెయ్యి పట్టుకుని పక్కకు లాగేశారు. "కూలోళ్ల పిల్లవి, నీకెందుకే" అని.

"పసుపు రంగు విమానం. దగ్గరగా చూశాను" అన్నారు. "భయం నాకప్పుడే ఉంది. కానీ ఎక్కనా వద్దా అన్నది నేననుకోవాలి గానీ, నా చెయ్యి పట్టుకు లాగినోడు అనుకోవడమేంటి?"

అవి ఎవరి పొలాలో ఆవిడ చెప్పలేదు. నేను ఆ ఊరి రైతుల ఇంటి పిల్లనని ఆవిడకు తెలుసు. నేనూ అడగలేదు.  చివరికి నాలో మిగిలిన కోపంతో అడిగేశాను.

"బావగారికి మీరొక మాట చెప్పొచ్చు కదండీ. నేనలా చూస్తుంటే తల ఊపి వెళ్లిపోయారు."

"నేను చెబితే నువ్వు ఎక్కేదానివే. అప్పుడు మీ బావగారి బదులు నేను కూర్చునేదాన్ని నీ నెత్తి మీద" అన్నారు. "ఉద్యోగమివ్వడం నా చేతిలో పని, ఇచ్చాను. ఇది నీది."

బావగారికి ఫోను చేశాను. దిగానని చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. ఆ నిశ్శబ్దం ఊటీ దాకా, తిరిగి తిరువూరు దాకా నాతోనే వచ్చింది.

సెలవులయ్యాక స్కూలు తెరిచిన మొదటి వారంలో బావగారు స్కూలుకు వచ్చారు. కరుణమ్మ గారు నన్ను ఆఫీసు గదిలోకి పిలిపించారు.

"విజయా, నువ్వు ఉద్యోగం మానేస్తున్నావని మీ బావగారు చెబుతున్నారు. నిజమేనా?"

"లేదండి. మాననండి."

బావగారు కుర్చీలో ముందుకు జరిగారు. గొంతు పెంచలేదు, ఎప్పుడూ పెంచరు. "చూడమ్మా, నీ మంచికే చెబుతున్నా. మాట వినననుకుంటే మన ఇంట్లో ఉండడం కుదరదు."

కరుణమ్మ గారు బల్ల మీది గాజు పలకను చూస్తున్నారు. నా వైపు చూడలేదు. ఈసారి నేనూ ఆవిడ వైపు చూడలేదు.

"సరేనండి" అన్నాను.

ఆయన ఆ మాటకు సిద్ధంగా రాలేదు. ఏడుస్తానని, కాళ్ల మీద పడతానని అనుకుని వచ్చారు. విమానమెక్కుతానని చెప్పడం కన్నా ఆ సరేననడం ఎన్నో రెట్లు కష్టం. విమానమైతే కాసేపట్లో దింపేస్తుంది.

బస్టాండు వెనక రెండు గదుల పోర్షనులోకి హారికతో మారాను. ఊరు చెప్పుకునే కథ అప్పుడే మొదలైంది. కొన్నాళ్లు కూరగాయల బజారులో తెలిసినవాళ్లు నన్ను చూసి పక్కకు తిరిగేవాళ్లు. మా అత్తగారు మాత్రం వారం వారం మనవరాలిని చూడ్డానికి వచ్చేది. మెట్ల దగ్గర చెప్పులు విప్పుతూనే, "మీ బావకి చెప్పకే" అనేది. ఎప్పుడో ఒక రోజు నుంచి ఆ మాట అనడం మానేసింది. ఎందుకు మానేశావని నేను అడగలేదు. కాఫీ ఇచ్చాను.

కరుణమ్మ గారు రిటైరయ్యాక ఒంటరిగానే ఉన్నారు. హెడ్మిస్ట్రెస్‌గా ఆవిడ కుర్చీలోకి నేను వచ్చినా, ఆఫీసు గదిలోకి వచ్చినప్పుడల్లా నా టైంటేబుల్లో తప్పులు పట్టేవారు. పోయిన ఏడాది వేసవిలో పక్షవాతం వచ్చింది, ఆ తర్వాత ఎక్కువ రోజులు బతకలేదు. ఖమ్మం నుంచి అన్నగారి కొడుకులు వచ్చారు. చర్చిలో ప్రార్థన అయ్యాక శవపెట్టె ఎత్తడానికి మగవాళ్లు ముందుకొచ్చారు. నేనూ, మా స్కూలు ఆడటీచర్లూ వెళ్లి పెట్టె పక్కన నిలబడ్డాం. ఆవిడ ఏడిపించిన సైన్సు టీచరు కూడా కొంగు నడుముకు దోపుకుని నా ఎదుటి వైపు నిలబడింది.

పాస్టరు గారు మెల్లగా నా దగ్గరికి వచ్చారు. "మగవాళ్లున్నారు కదమ్మా."

"ఉన్నారండి. పక్కన నడవమనండి."

ఆయన అన్నగారి పెద్దకొడుకు వైపు చూశారు. ఆ అబ్బాయి కళ్లు తుడుచుకుని వెనక్కి జరిగాడు. మేం ఎత్తాం. సమాధుల తోట దాకా రోడ్డు మధ్యలో నడిచాం. జనం దుకాణాల్లోంచి బయటికొచ్చి చూశారు. బొట్టు పెట్టుకున్న ఆడది కిరస్తానపు పెట్టె మోయడమేంటని ఒకరు, ఆడవాళ్లు మోయడమేంటని మరొకరు. అన్నీ వినబడ్డాయి. సెంటరు దగ్గర మా బావగారు కనిపించారు. బాగా పెద్దవారైపోయారు. దగ్గరికొచ్చి, పాత అలవాటు చొప్పున, "ఏంటమ్మా ఇది?" అన్నారు.

"కరుణమ్మ గారిని తీసుకెళ్తున్నాను బావగారూ" అని చెప్పి ముందుకు నడిచాను. కాసేపటికి తిరిగి చూస్తే ఆయన మా వెనక వస్తున్న జనంలో కలిసి, చెప్పులు చేత పట్టుకుని నడుస్తున్నారు.

కుడి భుజం మీద ఆ పెట్టె అంచు నొక్కిన చోట చాలా రోజులు కమిలిపోయి ఉంది. తర్వాత మానింది. నాకు భయం మాత్రం మానలేదు. కమిటీ వాళ్ల ముందు కూర్చున్నా, టీచర్ల జీతాల విషయంలో పెద్దవాళ్లతో తగాదా పడాల్సి వచ్చినా ఇప్పటికీ కాళ్లు వణుకుతాయి. ఆ క్షణంలో ఇప్పటికీ చుట్టూ చూస్తాను, నా తరఫున ఒకమాట చెప్పేవాళ్లెవరైనా ఉన్నారేమోనని. లావుపాటి మనిషొకావిడ దూరం నుంచి నన్ను సూటిగా చూసి తల అడ్డంగా ఊపుతుంది. నాకు మళ్లీ కోపమొస్తుంది. నోరు విప్పుతాను.